పెదవులు కదిలిన ఫొటో

ముప్పై ఒక్క సంవత్సరాలు ఒక నాటక సంస్థలో ప్రతి పాత్రకూ మాట అందించిన మనిషి అరవై రెండో ఏట చిన్న వేషానికి దరఖాస్తు పెట్టుకుంటే, ఆ సంస్థ ఆమెను పిలిచి చూడకుండానే కాదన్నది. ఫొటోలో పెదవులు కదిలాయట. ఇది అన్యాయం. ప్రకటన కాగితం, దరఖాస్తు నకలు, తిరస్కరణ ఉత్తరం మూడూ భద్రంగా ఉన్నాయి కనుక, ఇందులో ఒక్క అక్షరమూ ఊహించి రాయవలసిన అవసరం లేదు.

సంస్థలో ఆమెను అందరూ పుస్తకమ్మ అనేవారు. రంగస్థలానికి ఎడమ పక్క, తెర వెనక, పొట్టి పీట మీద చిన్న లైటుతో కూర్చుని, నటుడు మాట మరిచిన క్షణంలో ఆ మాటను అతని చెవిదాకా మాత్రమే పంపడం ఆమె ఉద్యోగం. మొదటి వరుసలోని ప్రేక్షకుడికి వినపడితే తప్పు. నటుడికి వినపడకపోతే అంతకన్నా పెద్ద తప్పు. ఒకసారి ప్రధాన నటుడు జ్వరంతో వచ్చి సగం నాటకం ఆమె నోట విని చెప్పాడు. మర్నాడు పత్రిక అతని జ్ఞాపకశక్తిని తెగ మెచ్చుకుంది. ఆ పత్రిక ముక్క కూడా ఉంది.

ఆమె తమ్ముడు గుర్తింపు కార్డుల ఆఫీసులో ఫొటోలు తీసి తీసి, బయటినుంచి వచ్చినవి సరిచూసి సరిచూసి ఉద్యోగ విరమణ చేసినవాడు. ఎన్ని వేల ముఖాలు చూశాడో లెక్కలేదు గాని, కెమెరాలోంచి ఒక్కరి నవ్వూ ఎరగడు. నవ్వొద్దని చెప్పింది తనే.

ఒక ఆదివారం పొద్దున్నే అక్క ప్రకటన కాగితం తెచ్చి అతని ముందు పెట్టింది. కొత్త నాటకంలో వయసు మళ్ళిన స్త్రీ పాత్రకు నటి కావాలి. మూడు ముఖచిత్రాలు జతచేయాలి. ఇంట్లో తీసినవైనా అభ్యంతరం లేదు.

"నువ్వే తియ్యాలిరా."

"నేనెందుకక్కా, ఏదైనా మంచి స్టూడియోకి వెళ్ళక."

"అక్కడ ముడతలన్నీ తుడిచి ఇస్తారు. వీళ్ళు అడిగింది ముసలిదాన్ని."

"ఇంతకీ ఈ వయసులో వేషమెందుకు?"

"ఇన్నాళ్ళూ మాటలన్నీ అవతలికి పంపేశాను. నా దగ్గరే ఉంచుకుని నేనే చెప్తే ఎలా ఉంటుందో తెలీదు. తెలుసుకోవాలనుంది."

పడకగదిలో మంచం గోడవారకు జరిగింది. కిటికీ పక్క గోడమీద బూడిదరంగు దుప్పటి బిగించారు. ఫ్రిజ్ పెట్టెలో వచ్చిన థర్మోకోల్ అట్టను తమ్ముడు కుర్చీకి ఆనించి, కిటికీ వెలుతురు అక్క రెండో చెంప మీద కూడా పడేట్టు సర్దాడు. కెమెరా స్టాండెక్కగానే పాత అలవాటు నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

"గడ్డం కొంచెం దించండి. చెవులు రెండూ కనపడాలి."

"దించండేమిట్రా? నేను నీ అక్కని."

పన్నెండు ఫొటోలు తీశాడు. పన్నెండూ పన్నెండు సున్నం కొట్టిన గోడలు. వంటింట్లోంచి వచ్చిన అతని భార్య కెమెరాలోకి తొంగిచూసి పెదవి విరిచింది.

"వదినా, ఇవి పేపర్లో చివరి పేజీ శ్రద్ధాంజలికి పంపే ఫొటోల్లా ఉన్నాయి."

"నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందట. నీ నోరు వింటుంటే మన ఊరి సంగతి తెలుస్తోందిలే, మరదలా."

ఆ మాటంటున్నప్పుడు అక్క కనుబొమలు విల్లులా లేచాయి, కళ్ళు మెరిశాయి. తమ్ముడు కెమెరా ఎత్తేలోపల ఆ ముఖం మాయమైంది. అతనికి ఆశ్చర్యం వేసింది. జీవితమంతా ముఖాలతో గడిపినవాడు, పుట్టినప్పటినుంచీ చూస్తున్న ఈ ముఖం లెన్సు ముందు ఎక్కడికి పోతోందో పట్టుకోలేకపోతున్నాడు.

"ఎక్కడ దాక్కుంటున్నావక్కా?"

"నేను కనపడితే అక్కడ నాటకం చెడిపోయినట్టేరా. ఎవరైనా ఇటు చూస్తున్నారంటే చాలు, నాకు తెలీకుండానే చీకట్లోకి జరిగిపోతాను."

ఇంతలో మరదలు, అక్క చేతిసంచిలోని పాత నాటకం నోటుపుస్తకం తీసి, వెక్కిరించడానికన్నట్టు గొంతు పెంచి చదవడం మొదలుపెట్టింది. "ఈ ఇంటి తాళం నా చేతిలో ఉన్నంతకాలం, ఈ గుమ్మం..." అక్షరాలు అలుక్కుపోయి ఆగింది. "ఈ గుమ్మం..."

అక్క మెడ అంగుళం ముందుకు సాగింది. కళ్ళు పెద్దవయ్యాయి. శబ్దం లేకుండా పెదవులు కదిలాయి: దాటి అడుగుపెట్టేవాడు మనిషైతే మనిషిలా రావాలి. ఆ ముఖంలో తాళం చేతబట్టుకున్న ఒక ముసలి యజమానురాలు కూర్చుంది.

తమ్ముడు బటన్ నొక్కాడు. "మళ్ళీ మరిచిపో," అన్నాడు భార్యతో.

"ఇన్నేళ్ళకి మరిచిపొమ్మని బతిమాలుతున్నారు. నిన్న పాలు మరిచిపోతే రాద్ధాంతం చేశారు."

ఇక అతనికి వేట దొరికింది. ఆగిపోతే ఒక ముఖం. తప్పు మాట చదివితే ఇంకో ముఖం. తొందరపడి రెండు వాక్యాలు మింగేస్తే మరొకటి. సేనాపతి మాట మరిస్తే అక్క దవడ బిగిసేది, పెళ్ళికూతురి మాట మరిస్తే కళ్ళు కిందికి వాలేవి. ఆమె మాటలు మాత్రమే అందించేదని లోకం అనుకుంది. మాటతోపాటు మనిషిని కూడా పంపేదని, ఎదురుగా కూర్చుని చూసిన తమ్ముడికి ఆ రోజే తెలిసింది.

చిక్కల్లా పెదవులతో వచ్చింది. కెమెరా వేగం పెంచితే పెదవులు సగం మాటలో గడ్డకట్టి ఆవలింతలా కనపడుతున్నాయి. తగ్గిస్తే కళ్ళు, నుదురు, చెవులు చెక్కినట్టున్నాయి గాని, పెదవుల అంచు కాస్త చెదిరింది. సాయంత్రం రెండు రకాలూ అచ్చు వేయించి, నోరు మూసుకున్న పొద్దుటి గోడలతో కలిపి బల్లమీద పరిచాడు.

"నియమం ప్రకారమైతే పొద్దుటివే పంపాలి," అన్నాడు. "ఈ కదిలినవి పంపితే తిప్పికొడతారు. నేనే ఎంతమందివి తిప్పికొట్టానో."

అక్క పొద్దుటి ఫొటోలు పక్కకు నెట్టింది. "వాళ్ళు పిలిస్తే దీన్ని చూసి పిలవాలిరా. దాన్ని చూసి పిలిస్తే, వెళ్ళేదెవరు?"

కదిలిన పెదవులవే మూడు కవరులో పెట్టి, నలభై ఏడో నంబరు దరఖాస్తుగా రసీదు తీసుకున్నారు.

తొమ్మిదో రోజున ఉత్తరం వచ్చింది. "పెదవులు కదిలియున్నందున ముఖచిత్రములు అస్పష్టముగా నున్నవి. నాల్గవ నిబంధన ననుసరించి దరఖాస్తు పరిశీలింపబడలేదు." అక్క రెండుసార్లు చదివి, మడిచి, తమ్ముడికిచ్చింది.

తమ్ముడు ప్రకటన తీసి నాల్గవ నిబంధన వెతికాడు. "ముఖము స్పష్టముగా కనిపించవలెను." అంతే. పెదవుల ఊసు ఆ నిబంధనలో లేదు, ముందువాటిలో లేదు, వెనకవాటిలో లేదు. తన దగ్గరున్న నకలు ఫొటో మీద భూతద్దం పెట్టి చూశాడు. కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టవచ్చు. తను ఎన్నో ముఖాలను ఇలాగే, ఇంతకన్నా చిన్న కారణాలకు, ఆఫీసు కిటికీ లోపలినుంచి తోసేసిన సంగతి గుర్తొచ్చి అతను చాలాసేపు భూతద్దం దించలేదు. ఆ తోసేసినవారిలో ఎవరెవరు ఉండేవారో ఇప్పుడు తెలుసుకునే దారి లేదు. ఈ ఒక్కరి సంగతికి మాత్రం ఇంకా గడువుంది. వచ్చే నెల ఐదునగాని రిహార్సల్సు మొదలుకావు. ఆ పాత్ర ఇంకా ఎవరికీ ఇవ్వలేదని సంస్థ నోటీసు బోర్డే చెబుతోంది.

కనుక, ఎంపిక సంఘంలోని ముగ్గురు సభ్యులకూ, ఉత్తరం మీద సంతకం చేసిన కార్యదర్శికీ ఇది నేరుగా చెప్పవలసిన మాట. మీ నిబంధనల్లో లేని కారణం చూపి మూసిన నలభై ఏడో నంబరు కవరును తెరవండి. ఆ మూడు ఫొటోలనూ వెలుతురులో పెట్టి చూడండి. ఆమెను పిలిచి, మీ రంగస్థలం నడుమ పది నిమిషాలు నిలబెట్టి, ఆ పాత్ర మాటలు ఆమె చేతికివ్వండి. పనికిరాదనిపిస్తే అప్పుడు ఆ మాట ఆమె ఎదుటే చెప్పండి. ఏ తేదీన, ఎన్ని గంటలకు రావాలో ఈ వారంలోగా రాతపూర్వకంగా తెలియజేయండి.