ఒక్క మేకు, రెండు సర్టిఫికెట్లు

చదవేస్తే ఉన్న మతి పోయిందని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. నా విషయంలో మతితో ఆగలేదు, మందుల దుకాణం కూడా పోబోయింది. అదీ యాభై ఎనిమిదేళ్ళ వయసులో నానా తంటాలు పడి అక్షరాలు నేర్చుకుని, సర్టిఫికెట్ పుచ్చుకున్న వారానికే. చదివి మీరు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ మీ కోడలు కూడా నా కోడలిలాంటిదే అయితే, ఈ కాగితం ఆమె కంటపడనివ్వకండి. ఎందుకో మీకే తెలుస్తుంది.

బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో, ఓల్డ్ సెటిల్‌మెంట్ అనే రైల్వే కాలనీలో మాది మూడు తరాల కాపురం. మామగారు రైల్వే వర్క్‌షాపు, మా ఆయన వర్క్‌షాపు, కొడుకు వర్క్‌షాపు. కోడలు గౌరి ఒక్కతే దారి తప్పి ఫార్మసీ చదివింది. మా ఆయన రిటైరయ్యాక సెటిల్‌మెంట్ బయట రోడ్డు మీద నా పేరున ఒక గది కొన్నాడు. అందులో మందుల దుకాణం పెడదామంది గౌరి. లైసెన్సు ఎవరి పేరున? రైల్వే ఉద్యోగి వ్యాపారం చెయ్యకూడదు కాబట్టి కొడుకు పనికిరాడు. మా ఆయన "జన్మంతా ఫోర్‌మాన్ రాసిన మెమోల మీద నా పేరే ఉండీది. ఇంక ఏ కాగితం మీదా వొద్దు" అన్నాడు. గౌరి తన పేరున తీసుకోవచ్చు. కానీ "గది అత్తది, లైసెన్సు కూడా అత్త పేరునే ఉండనీ" అంది. అప్పుడు మురిసిపోయాను. ఇప్పుడు తెలుస్తోంది, అది మురిసిపోవాల్సిన సమయం కాదు, జాగ్రత్తపడాల్సిన సమయం.

దరఖాస్తు మీద సంతకం పెట్టాల్సిన చోటికి నేను అలవాటుగా బొటనవేలు చాపాను. గౌరి ఆ వేలు పట్టుకుని వెనక్కి లాగేసింది.

"వేలిముద్ర సెల్లదత్తా."

"ఎందుకు సెల్లదే? రేషనుకి సెల్లింది, బ్యాంకుకి సెల్లింది. మందులకి వొచ్చేసరికి నా వేలు అరిగిపోయిందేటి?"

"మందుల దుకాణం సట్టం వేరు. ఓనరుకి సదువు రావాల. ఇప్పటికి నీ పేరు గీయడం నేర్పుతాను. తరవాత ఇన్‌స్పెక్టర్ వొస్తాడు. నిన్ను ఎదురుగా నిలబెట్టి సదివిస్తాడు. రాలేదనుకో, లైసెన్సు కేన్సిలు."

"దుకాణం?"

"మూసీడమే."

నా గుండె ఆగి, మళ్ళీ బయల్దేరింది. గౌరి చదువు, కొడుకు ఆశ, మా ఆయన కొన్న గది, అన్నీ నా నాలుక చివర వేలాడుతున్నాయన్నమాట! ఆ రోజు నుంచి మా తెలుగువాళ్ళ గుడి హాల్లో జరిగే పెద్దవాళ్ళ బడికి వెళ్ళాను. మధ్యాహ్నం గిరాకీ లేని వేళ గౌరి దుకాణంలో కూర్చోబెట్టి మందుల డబ్బాల మీది ఇంగ్లీషు పెద్ద అక్షరాలు నేర్పేది. ఇన్‌స్పెక్టర్ అంటే నాకు యముడితో సమానం. చేతిలో పుస్తకం పట్టుకుని ఎవరు గుమ్మంలోకి వచ్చినా నా నోరు దానంతటదే తెరుచుకునేది. ఒకసారి కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినతనికి అ నుంచి క్ష దాకా గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పాను. పాపం, ఒడియా అతను. మంచినీళ్ళు కూడా అడక్కుండా వెళ్ళిపోయాడు.

ఏడాదిన్నర తిరిగేసరికి పెద్దవాళ్ళ బడిలో పరీక్ష పెట్టారు. పాసయ్యాను! నా ఫొటో, గుండ్రటి స్టాంపు, 'కూరాకుల పైడమ్మ చదవడం, రాయడం నేర్చుకున్నది' అని పైన తెలుగులో, కింద ఇంగ్లీషులో. దానికి అద్దం వేయించి, సంకలో పెట్టుకుని దుకాణానికి వెళ్ళాను. అక్కడ వచ్చిపడింది చిక్కు.

మా దుకాణం గోడ సిమెంటుది. మేకు కొడితే మేకే వంగుతుంది. ఎంతో కష్టపడి మూడు మేకులు దిగాయి. ఒకదానికి లక్ష్మీదేవి. ఒకదానికి నా పేరున్న లైసెన్సు. ఇంకోదానికి గౌరి ఫార్మసిస్టు సర్టిఫికెట్. లక్ష్మీదేవిని దించితే పాపం. లైసెన్సు దించితే, అందులో నా పేరే ఉంది. మిగిలింది గౌరిది. ఏడాదికి పైగా వేలాడుతోంది కదా, దానికీ కాస్త విశ్రాంతి కావాలనుకున్నాను. పైగా ఇన్‌స్పెక్టర్ వచ్చి చూడబోయేది నా చదువు కదా, దాని చదువు కాదుగా! గౌరి స్టాకు సర్దుతూ అటు తిరిగి ఉంది. దాని పటం దించి నాది తగిలించాను. రెండూ ఒకే సైజు, ఒకే నల్ల ఫ్రేము. గౌరి వారం దాకా గమనించలేదు. దించినదాన్ని ఇంటికి పట్టుకెళ్ళాను. కొత్తగా పెట్టిన ఆవకాయ జాడీ మూత మాటిమాటికీ జరిగిపోతోంది. దానిమీద సరిగ్గా సరిపోయింది. పిచ్చివాడి చేతిలో రాయి అంటారే, ఇది పైడమ్మ చేతిలో పటం.

సరిగ్గా వారానికి, గౌరి నా మనవరాలి బడిలో మీటింగు ఉందని బయల్దేరింది.

"షట్టరు సగం దించీసి కూకో అత్తా. ఎవరొచ్చినా ఫార్మసిస్టు లేరు, గంటాగి రమ్మని సెప్పు. సబ్బులు, పౌడర్లు ఇస్తే ఇయ్యి. మందుబిళ్ళ ఒక్కటి కూడా ముట్టుకోకు."

"నా దుకాణంలో నాను ముట్టుకోకూడదేటే?"

"ఓనరువి కదా, కూకోవచ్చు. ముట్టుకోకూడదు."

ఇదేం యాజమాన్యమో మీరే చెప్పండి. గుడి నాది, ప్రసాదం ముట్టుకోకూడదు! మూతి ముడుచుకుని కూర్చున్నాను.

పావుగంట కాలేదు, షట్టరు కింద రెండు బూట్లు కనిపించాయి. తర్వాత ఒక బ్యాగు. తర్వాత వంగిన కళ్ళజోడు.

"మాసీమా, డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌ని. తనిఖీకి వచ్చాను."

మాసీమా అంటే పిన్నిగారూ అని. ఆయన ఉన్నంతసేపూ మా మాటలన్నీ బెంగాలీలో జరిగాయి, మీ కోసం తెలుగులో రాస్తున్నాను. అయినా నా బెంగాలీ కూడా మా శ్రీకాకుళం యాసలోనే ఉంటుంది లెండి.

'ఫార్మసిస్టు లేరు, గంటాగి రండి' అని ఒక్క ముక్క అంటే ఈ కథే ఉండేది కాదు. కానీ నేనేం చేశాను? రెండు చేతులతో షట్టరు పైదాకా ఎత్తేశాను. ఏడాదిన్నరగా ఈ క్షణం కోసమే కదా పళ్ళు బిగించి చదివింది!

"రండి బాబూ, రండి! మీ కోసమే సూస్తన్నాను."

ఆయన కాస్త బెదిరాడు. ఇన్‌స్పెక్టర్లకు అలాంటి స్వాగతం అలవాటు లేదనుకుంటాను.

"మందులు ఇక్కడ ఎవరిస్తారు?"

ఇది తిరకాసు ప్రశ్న అనుకున్నాను. కోడలని చెబితే, అయితే నువ్వెందుకు అంటాడు.

"అంతా నానే బాబూ. ఓనర్ని నానే."

"ఫార్మసిస్ట్ లేరా?"

"కోడలు పిల్ల ఉంది. అప్పుడప్పుడు వొస్తాది. నాకు సదువొచ్చీసినాక దాని అవసరం పెద్దగా నేదు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "ఎన్నాళ్ళ నుంచి ఇలా?"

"సర్టిఫికెట్ వొచ్చి వారమైంది" అని గర్వంగా గోడ చూపించాను.

ఆయన దగ్గరికి వెళ్ళి ఇంగ్లీషు లైను చదివాడు. మళ్ళీ చదివాడు. నా ఫొటో చూశాడు, నన్ను చూశాడు. "చదవడం, రాయడం నేర్చుకున్నది" అని తనలో తాను గొణుక్కున్నాడు. నేను ముసిముసిగా నవ్వాను. మెచ్చుకుంటున్నాడనుకున్నాను.

అడక్కుండానే కౌంటరు మీది మందుబిళ్ళల అట్ట ఒకటి తీసుకుని మొదలుపెట్టాను. "సూడండి. ఏ... ఎమ్... ఓ... ఎక్స్... ఐ..."

"మాసీమా, అది డాక్టర్ చీటీ మీద ఇవ్వాల్సిన మందు. మీరలా..."

"ఆగండి బాబూ, మజ్జిలో ఆపితే మొదట్నించీ రావాల. ఏ... ఎమ్... ఓ..."

ఆయన బ్యాగులోంచి ఒక పుస్తకం తీసి రాయడం మొదలుపెట్టాడు. నేను అట్ట వెనక ఎర్రగీత పక్కనున్న హెచ్చరిక కూడా చదవబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇంక చాలు. రిజిస్టరైన ఫార్మసిస్ట్ లేరు. ఆమె సర్టిఫికెట్ గోడ మీద లేదు. మందులు మీరే ఇస్తున్నట్టు మీరే చెప్పారు. లైసెన్సు సస్పెండ్ చెయ్యమని రాస్తున్నాను."

నా కాళ్ళ కింద ప్లాట్‌ఫారం లేకుండా రైలు దిగినట్టయింది.

"ఏటి తప్పు సదివినాను బాబూ? ఎక్స్ దగ్గరేనా? మల్లీ సదువుతాను!"

అప్పుడే గౌరి స్కూటీ ఆగింది. ఎత్తిన షట్టరు, రాస్తున్న ఇన్‌స్పెక్టరు, చేతిలో అట్టతో ఏడుస్తున్న అత్త. గోడ మీద తను ఉండాల్సిన చోట నేను. దాని మొహం సున్నం కొట్టినట్టు తెల్లబోయింది.

"అత్తా! నా సర్టిఫికెట్ ఏదీ?"

"ఇంటికాడ బద్రంగా ఉందమ్మా."

"ఎక్కడ?"

"...ఆవకాయ మీద."

గౌరి వెంటనే స్కూటీ తిప్పింది. ఐదు నిమిషాల్లో పటం తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని తిప్పి చూశాడు. అద్దం మీద పడిన ఎర్రటి నూనె మరక తాకి, వేలు వాసన చూశాడు.

"నంబరు సరిగ్గానే ఉంది" అన్నాడు. "ఆవాలు కూడా."

గౌరి బిల్లు పుస్తకం ముందుపెట్టింది. తను వెళ్ళే ముందు కొట్టిన బిల్లే ఆఖరుది. తర్వాత ఒక్కటీ లేదు. "మందుబిళ్ళ కదపొద్దని చెప్పే వెళ్ళాను సార్. అత్త ఎవరికీ ఇవ్వలేదు."

"ఎలా ఇస్తారు?" అన్నాడాయన నావైపు చూసి. "ఈవిడ మందు పేరు చదవడం పూర్తయ్యేలోపు ఆ జ్వరం దానంతటదే తగ్గిపోతుంది."

రాసిన మాటలు కొట్టేసి, కొత్తగా రాయడం మొదలుపెట్టాడు. సస్పెన్షన్ లేదు, హెచ్చరిక మాత్రమే. నాకు ప్రాణం లేచొచ్చింది. లేచొచ్చిన ప్రాణం ఊరుకుంటుందా?

"అయితే బాబూ, సదువు పరీక్షలో నాను పాసైనట్టేనా?"

"ఏ పరీక్ష?"

"అదే, ఓనరుకి పెడతారు కదా. సదవడం రాపోతే లైసెన్సు కేన్సిలు కదా."

ఆయన కలం ఆగింది. "మాసీమా, ఓనర్‌కి చదువు రావాలని చట్టంలో ఎక్కడా లేదు. దుకాణం ఎవరిదైనా కావచ్చు. మీరు వేలిముద్ర వేసినా ఓనరే. మందు ఇచ్చేదగ్గర మాత్రం చదువుకున్న ఫార్మసిస్ట్ ఉండాలి. అంతే."

వేలిముద్ర వేసినా ఓనరే!

ఏడాదిన్నర! మోకాళ్ళ నొప్పులతో గుడి హాల్లో కింద కూర్చున్న ఏడాదిన్నర! మీటరు అతని ముందు పోయిన పరువు! మెల్లగా గౌరివైపు తిరిగాను. అది ఫ్యాను రెక్కలు లెక్కపెడుతోంది.

"నువ్వు కదే సెప్పినావు, సట్టమని!"

"సెప్పినాను."

"అబద్దమాడినావా?"

"మరేటి సెయ్యమంటావత్తా? ఇంటికొచ్చిన ప్రతి ఉత్తరం పట్టుకుని వీధంతా తిరిగి ఎవరిసేతో సదివించుకునేదానివి. నేర్సుకోమని నేనంటే, 'నిన్నగాక మొన్నొచ్చి నాకే పాటాలా' అనీదానివి. కోడలి మాట వినవు. గవర్మెంటంటే బయం. అందుకే గవర్మెంటు మాటగా సెప్పినాను."

అక్షరాలన్నీ నేర్చుకున్నాను గానీ, సమయానికి ఒక్కటీ పనికిరాలేదు.

ఇన్‌స్పెక్టర్ గోడవైపు తిరిగి దగ్గాడు. భుజాలు మాత్రం ఊగుతున్నాయి. చివరికి పుస్తకం నా ముందుకు తోశాడు. "ఓనర్ సంతకం కావాలి. లేదా వేలిముద్ర, మీ ఇష్టం."

నేను కలం అందుకున్నాను. కాగితం మీదికి వంగాను. అంతా గొలుసుకట్టు ఇంగ్లీషు, చీమలు బారుకట్టినట్టుంది.

"ఇది నాకు రాదు బాబూ. పెద్ద అచ్చరాల్లో రాయండి. సదవకుండా సంతకం పెట్టకూడదని నా కోడలు సెప్పింది."

ఆయన అనుమానంగా గౌరిని చూశాడు. "ఇది కూడా మీరు చేసిన చట్టమేనా?"

"ఇది నిజంగానే మంచిదని చెప్పాను సార్."

పాపం, ఆ పెద్దమనిషి మొత్తం మళ్ళీ పెద్ద అక్షరాల్లో రాశాడు. నేను ఒక్కో అక్షరం పలికాను, గౌరి అర్థం చెప్పింది. ఆయన రెండు టీలు తాగాడు, మూడుసార్లు గడియారం చూశాడు. అప్పుడు సంతకం పెట్టాను. బొటనవేలు చీర కొంగులో దాచుకుని మరీ పెట్టాను.

ఇప్పుడు గౌరి సర్టిఫికెట్ మళ్ళీ దాని మేకుకే ఉంది. నాది సబ్బుల అలమర పక్కన, చట్టం తొంగిచూడని చోట, తాడుతో వేలాడుతోంది.

పోయిన నెల గౌరి ఇంకో మాట అంది. "అత్తా, అరవై దగ్గరపడిన ఓనర్లు ఏటా కళ్ళ పరీక్ష సేయించుకోవాలని సట్టమొచ్చింది." గట్టిగా అనుమానించాను. మూడు రోజులు అనుమానించాను. నాలుగో రోజు వెళ్ళి కళ్ళజోడు తెచ్చుకున్నాను.

అందుకే గోడ మీద లక్ష్మీదేవి సాక్షిగా, ఆవకాయ జాడీ సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఫార్మసిస్టు లేని వేళ షట్టరు ఎత్తను. ఒకరి చదువు దించి నా చదువు తగిలించను. కోడలు చట్టం అన్నప్పుడల్లా ఆ కాగితం తెచ్చి చూపించమంటాను. పెద్ద అక్షరాల్లో ఉంటేనే నమ్ముతాను.