బొట్టు పెట్టిన అద్దంముక్క

పగిలిన అద్దం ఇంట్లో కనబడితే మా అత్తమ్మకు ఒళ్లు మండిపోయేది. తల దువ్వుకునే అద్దం మూల కాస్త విరిగినా సరే, చీకటి పడేలోగా అది గడప దాటాల్సిందే. అశోక్ నగర్‌లో ఆ ఇంటికి కోడలిగా వెళ్లిన కొత్తలో నాకు నవ్వొచ్చేది. నవ్వితే ఆమెకు ఇంకా కోపం. అట్లా పోట్లాడుకుంటూ ఇద్దరం కలిసి వంట చేసుకున్న రోజులు ఇప్పుడు తలచుకుంటే ప్రాణం లేచొస్తుంది.

తొంభైల్లో మా వీధి పాత ఇళ్లన్నీ ఒక్కొక్కటే అపార్ట్‌మెంట్లు అయిపోతున్నాయి. మా పక్కింటినీ కొట్టేసి, సెల్లారు కోసం మా గోడ దాకా గొయ్యి తవ్వారు. పైకి లేస్తున్న ఆ కట్టడం ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి కూలిపోయింది. పొయ్యి మీద పప్పు వదిలేసి బయటికి పరిగెత్తాను. దుమ్ము తప్ప ఏమీ కనబడలేదు. సందులో అడ్డదిడ్డంగా నిలిపిన స్కూటర్ల వల్ల ఫైరింజను మలుపు దగ్గరే ఆగిపోయింది. జనమే ఆ బండ్లను పక్కకు ఈడ్చేసి, చిక్కడపల్లి మార్కెట్ నుంచి తట్టలు తెచ్చి మట్టి ఎత్తారు. పాలమూరు నుంచి వచ్చిన కూలీలు ఇద్దరు పోయారు. పొద్దున్నే మా పంపు దగ్గర నీళ్లు పట్టుకుంటూ అత్తమ్మను పలకరించి పోయే మనుషులు. ఆ రోజు మా ఇంట్లో ఎవరూ ముద్ద ముట్టలేదు.

అది ఎందుకు కూలిందో తేల్చడానికి ఒక ఇంజినీరు వచ్చాడు. నడివయసు మనిషి, మాట మెత్తన. శిథిలాల్లోంచి కాంక్రీటు పెళ్లలు ఏరి తెచ్చి, వడియాలు ఎండబెట్టినట్టు మా అరుగు మీద పరిచేవాడు. మా పూజగది గోడకు కొత్తగా పడిన పగులు చూసి, దాని మీద అడ్డంగా చిన్న అద్దంముక్క పెట్టి, రెండు చివర్లా సిమెంటుతో అతికించాడు. కదపొద్దని చెప్పాడు గానీ ఎందుకో చెప్పలేదు. పెద్ద చదువులు చదివినవాళ్లకు అదో జబ్బు. వారానికోసారి వచ్చి దాన్ని చూసి పోయేవాడు. ఆయన వస్తాడంటే అత్తమ్మ నారాయణగూడ ఇరానీ హోటల్ నుంచి ఉస్మానియా బిస్కెట్లు తెప్పించేది.

ఒక ఉదయం దీపం పెట్టబోతూ అత్తమ్మ కేకేసింది. ఆ అద్దం నిలువునా చిట్లింది. దేవుడి ముందు పగిలిన అద్దమా! మంచీ చెడూ ఆలోచించకుండా నన్ను చిక్కడపల్లిలో ఫొటోలకు ఫ్రేములు కట్టే దుకాణానికి తరిమింది. నేను తెచ్చిన ముక్కను, బాత్రూము రిపేరులో మిగిలిన సిమెంటుతో తనే అతికించింది. పూజగదిలోకి కొత్త వస్తువు వచ్చింది కదా అని దానికి పసుపు, కుంకుమ బొట్టు కూడా పెట్టింది. ఆ వారం ఇంజినీరు బొట్టును చూసి ముసిముసిగా నవ్వుకున్నాడే గానీ అద్దం మారిందని గమనించలేదు. అదీ పగిలితే మళ్లీ తెచ్చాను, ఎండలో గొణుక్కుంటూ.

ఆ తర్వాతి సారి ఆయన వచ్చినప్పుడు ముఖం వెలిగిపోతోంది. గోడ కదిలితే అద్దం పగులుతుందట. ఇన్ని వారాలైనా పగల్లేదు కాబట్టి గోడ గట్టిదేనట, ఇక నిశ్చింతగా ఉండొచ్చని పై ఆఫీసుకు రాసి పంపిస్తాడట. తెచ్చిన టీ కప్పులు అరుగు మీద పెట్టేశాను. అత్తమ్మ మంచం ఉన్నది పక్క గదిలో ఆ గోడను ఆనుకునే.

"సార్, అది మీరు పెట్టిన అద్దం కాదు. మూడోది," అన్నాను.

ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. అత్తమ్మ నన్ను కొరకొరా చూసి ఆయన మీదికి లేచింది.

"పగిలిన అద్దం దేవుని ముంగట ఉంచుతరా ఎవరన్న? అశుభం గాదా?"

ఆయన నవ్వలేదు. "అశుభమే అమ్మా. అది చెప్పనీకే నేను పెట్టిన. జర ఇల్లిడిచి బయటికి రండి."

అత్తమ్మ గబగబా పూజగదిలోకి పోయింది. దేవుడి పటాలు చీరలో మూట కట్టింది. ఆ సాయంత్రమే బాగ్ లింగంపల్లిలో ఆడపడుచు ఇంటికి వెళ్లిపోయాం. ఆటోలో నాకు వీపు తిప్పి కూర్చుంది.

ఆ వారం వానకు గోడ లోపలికి పడింది. వెళ్లి చూస్తే ఆమె నవారు మంచం ఇటుకల కింద నలిగిపోయి ఉంది. అత్తమ్మ దాన్ని చూసి, నా చెయ్యి పట్టుకుంది.

"పప్పుల ఉప్పు ఎప్పుడు సరిగ్గ ఎయ్యవు గని, నోరు మాత్రం టైముకు తెరిచినవ్ పిల్లా."

అత్తమ్మ చనిపోయిన ఏడాది, నారాయణగూడలో ఒక పాత ఇంటి గోడ పగులు మీద అలాంటి అద్దంముక్కే చూశాను. కింద తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి ఉంది: 'ఇది పగిలితే అశుభం. మార్చకండి. వెంటనే బయటికి రండి.' ఇంజినీరు ఆమె మాట మరిచిపోలేదన్నమాట. రోడ్డు మీదే కళ్లనీళ్లు పెట్టుకున్నాను.

బొట్టు ఒక్కటే లేదు. పక్కనున్న పూలకొట్టులో చిటికెడు కుంకుమ అడిగి తెచ్చి, అద్దానికి తగలకుండా గోడకు పెట్టి ఇంటికి వచ్చాను.