కోడలికి రాసిన ఇల్లు

2021 వేసవి. బందరు రిజిస్ట్రేషన్ ఆఫీసుకు ఎదురుగా నా గది. అప్పటికి పాతికేళ్ళుగా దస్తావేజులు రాస్తున్నాను. మా పనిలో ‘ప్రిసిడెంట్’ అన్న మాటకు గౌరవం ఎక్కువ. ఇంతకు ముందు రాసి, పేచీ లేకుండా చెల్లిన ఉదాహరణ అని అర్థం. మా గురువుగారిచ్చిన నమూనాల పుస్తకం నిండా అవే. అందులో లేని వాక్యం అప్పటిదాకా నేనెప్పుడూ రాసి ఎరగను.

పెడన నుంచి వెంకటరత్నమ్మగారు వచ్చారు. కలంకారీ అద్దకం ఆవిడ జీవనం. వెంట కోడలు సుజాత, ఆవిడ సొంత మరిది ఉన్నారు. కొడుకు పోయి రెండేళ్ళయింది. తన కష్టార్జితంతో కట్టుకున్న ఇంటిని, అద్దకం షెడ్డుతో సహా, కోడలికి సెటిల్‌మెంట్ డీడ్ రాయమన్నారు. ఇంట్లోవాళ్ళకు ఆస్తి దఖలుపరిచే పత్రమది.

భర్త పోయిన కోడలికి రాసిన పత్రం నమూనా ఒకటి పుస్తకంలో ఉంది. చకచకా రాసేసి చదివి వినిపించాను. “సదరు సుజాత పునర్వివాహము చేసుకోనంత కాలము అనుభవించవలెను...”

“ఆగండి. ఆ ముక్క రాయమని ఎవరు చెప్పారు మీకు?”

“ఎవరూ చెప్పలేదమ్మా. పాతవాటిలో అలాగే ఉంటుంది. దాన్నే మేం ప్రిసిడెంట్ అంటాం.”

“వచ్చే నెల దానికి పెళ్ళి చేస్తున్నానండీ! పెళ్ళవగానే ఇల్లు ఊడిపోతుందని రాస్తారా?”

“పెళ్ళి చేసుకుని వెళ్ళేదానికి ఇల్లెందుకు వదినా?” అన్నాడు మరిది.

“ఎక్కడికీ వెళ్ళదు. అయిదేళ్ళు నా పక్కన నిలబడి అచ్చులద్దింది. నువ్వు ఒక్క గుడ్డన్నా కాలవలో జాడించావా?”

“గొడవెందుకు అత్తయ్యా, నాకేం వద్దు,” అంది సుజాత, ఏడుపు ఆపుకుంటూ.

“నువ్వూరుకో!”

నాకు సిగ్గేసింది. అడగకుండానే ఆ వాక్యాన్ని ఎంతమంది ఆడవాళ్ళ నెత్తిన పెట్టానో. కాగితం చింపేసి కొత్తగా రాశాను: “సదరు సుజాత పునర్వివాహము చేసుకున్నప్పటికీ ఆమె సర్వహక్కులకు ఎట్టి భంగమూ కలుగదు.”

“దీనికి ప్రిసిడెంట్ లేదుగా. ఆఫీసులో ఒప్పుకుంటారా?” అన్నాడు మరిది.

“ఒప్పుకోకపోతే, ఏ చట్టం కాదంటోందో కాగితం మీద రాసిమ్మంటాను. రండి,” అన్నాను.

రిజిస్ట్రేషన్ అయిపోయింది. తిరిగొచ్చి పుస్తకంలో ఆ పాత పేజీని అడ్డంగా కొట్టేశాను. గురువుగారి మీద గౌరవం తగ్గి కాదు. పాత తప్పు ఎన్నిసార్లు చెల్లినా తప్పేనని ఆ రోజే తెలిసింది.

ఇప్పుడు ఎవరైనా వచ్చి, ఇలా రాయడానికి ప్రిసిడెంట్ ఉందా అంటే ఉందంటాను. పెడనలో, తన ఇంట్లో, మొగుడితో కలిసి అచ్చులద్దుకుంటోంది.