బట్టీ పట్టించిన కళ్ళ చార్టు

మండపేటలో మా అమ్మాయి చదివే స్కూలుని ఎవరైనా మెచ్చుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. చేర్చేటప్పుడు ఆధార్ అడిగారు, పుట్టిన తేదీ సర్టిఫికెట్టు అడిగారు, ఫోటోలు అడిగారు. పిల్లకి కళ్ళు చూపించారా అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. నాకు మాత్రం ఎలా తడుతుంది? తూనీగల వెంట పరిగెత్తే పిల్లకి చూపు లేదని ఎవరనుకుంటారు!

అది ఒకటో తరగతిలో ఉండగా స్కూలుకి కంటి పరీక్షలవాళ్ళు వచ్చారు. "అన్నీ కరెక్టుగా చెప్పానమ్మా, మేడమ్ గారు గుడ్ అన్నారు" అంటూ సాయంత్రం గెంతుకుంటూ వచ్చింది. నేనూ సంబరపడిపోయి బూరెలు వండిపెట్టాను.

నాలుగో తరగతిలో దాని కుడికంటి రెప్ప మీద కురుపు లేచి, కన్ను మూసుకుపోయింది. ఇంకో కన్నుంది కదా అనుకున్నాను. పిల్ల వంటింటి గుమ్మానికి గుద్దుకుంది, అరుగు మెట్టు కానక తూలింది. అప్పటికప్పుడు బస్సెక్కించి రాజమండ్రిలో కంటి డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళాను.

ఆయన ఎదురుగా బోర్డు వెలిగించి చదవమన్నారు. అది చేతులు కట్టుకుని, "ఈ, ఎఫ్, పీ, టీ, ఓ, జెడ్" అని గడగడా అప్పజెప్పేసింది. బోర్డు మీద ఉన్నవి అంకెలు.

"ఇది ఎవరు నేర్పారమ్మా?" అన్నారు డాక్టరు గారు.

"మా క్లాస్ మేడమ్ గారండి. ఒకటో తరగతిలో కళ్ళు చూసేవాళ్ళు వచ్చే ముందురోజు అందరిచేతా ఆ చార్టు బట్టీ పట్టించారండి. తప్పు చెబితే స్కూలుకి చెడ్డపేరన్నారు."

ఆయన పరీక్ష చేసి చెప్పారు, ఎడమకన్ను చిన్నప్పటినుంచీ మసకేనట, ఇన్నాళ్ళూ కుడికంటితోనే నెట్టుకొచ్చిందట. అప్పుడే తెలిసుంటే కళ్ళజోడు పెట్టి, మంచి కన్నుకి రోజూ కాసేపు పట్టీ వేస్తే చాలావరకు దారికొచ్చేదట. ఇప్పుడూ వేద్దామన్నారు గానీ, ఎంత చూపు వస్తుందో చెప్పలేనన్నారు.

కురుపు తగ్గాక, కుడికంటికి పట్టీ వేసి, కొత్త కళ్ళజోడు పెట్టి పిల్లని తిన్నగా స్కూలుకి తీసుకెళ్ళాను. స్టాఫ్ రూములో ఆ మేడమ్ గారిని నిలదీశాను.

"అదేంటండీ అలాగంటారు? మంచికే చేశామండి. పక్క స్కూల్లో బోలెడుమందికి కళ్ళజోళ్ళు రాశారు. మన దగ్గర ఒక్కరికీ రాయలేదని పేరెంట్స్ అందరూ మెచ్చుకున్నారు కూడానండి."

మెచ్చుకున్నారట!

"మీకు సిగ్గనిపించడం లేదాండీ? ఎక్కాలు బట్టీ పట్టిస్తే మార్కులొస్తాయి. చూపొస్తుందా? మీరు ఆ ఒక్కరోజు నోరు మూసుకుని ఊరుకునుంటే నా పిల్ల కన్ను దక్కేది. ఆ క్లాసులో ఇలాంటివాళ్ళు ఇంకెందరున్నారో, వాళ్ళ అమ్మలకి ఎవరు చెబుతారు?"

ఆవిడ మొహం పాలిపోయింది. గుమ్మం దగ్గర నిలబడ్డ పిల్లవైపు తిరిగి, "ఏం తల్లీ, నేను కనిపిస్తున్నానా?" అన్నారు, బతిమాలుతున్నట్టు.

మా అమ్మాయి ఆ ఎడమకన్ను చిట్లించి చాలాసేపు చూసింది. తప్పు చెబుతానేమోనని దానికి భయం.

"గొంతు మీదేనండి మేడమ్" అంది. "మీ మొహం ఎలా ఉంటుందో నాకు గుర్తుందండి. చెప్పమంటారా?"