మంద లెక్క చెప్పని ఎర్రప్ప

"మీ గొర్రెలెన్ని?" అని ఎర్రప్పను అడిగి సరైన జవాబు రాబట్టినవాడు కుందుర్పి చుట్టుపక్కల ఒక్కడూ లేడు. "ఉండాయిలేప్పా, ఏవో నాలుగు" అనేవాడు. ఆ నాలుగు నలభై కావచ్చు, నూట నలభై కావచ్చు. మంద లెక్క నోటితో చెబితే దిష్టి తగులుతుందని పెద్దల మాట కాబట్టి కుందుర్పికి కాస్త దూరంలో ఉన్న అతని ఊళ్లో కాపరులందరిదీ అదే అలవాటు. ఎర్రప్ప దగ్గర మాత్రం అది ముదిరి పాకాన పడింది. పశువుల డాక్టరు నట్టల మందు తాగించడానికి వచ్చి అడిగినా సగమే చెప్పేవాడు. మందు సగానికే వచ్చేది. మిగతా సగాన్ని దేవుడికి వదిలేసి, "చూసినారా, మందు గూడా సరిగ్గా ఇయ్యరు ఈ సర్కారోళ్లు" అని వాళ్లనే తిట్టేవాడు.

మనిషి చెడ్డవాడు కాదు. అనుమానం మనిషి, అంతే. మబ్బు పడితే ఊరంతా ఆశగా మొహం పైకెత్తేది. ఎర్రప్ప మాత్రం "ఈ పొద్దు ఎవర్ని మోసం చేసేకి వచ్చిందో" అనేవాడు. ఆ నేల మీద పుట్టినవాడు అలా అనడంలో తప్పేమీ లేదు. వచ్చిన మబ్బుల్లో చాలావరకు ఊరిని చూసి పలకరించి, పక్క జిల్లాకు పోయి కురిసేవే.

అతని అనుమానాల్లో కొన్ని నిజమయ్యాయి కూడా. ఆ మధ్య గాలిమరలు పెట్టేవాళ్లు కొండకు వచ్చారు. అందరికీ టీలు తాగించి, "మీ మేతకు ఏ అడ్డమూ ఉండదు తాతా" అని నవ్వుతూ చెప్పారు. గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుంది, మీరు మనుషులు గదా, ఆ నవ్వు చూసి పడిపోవద్దండని ఎర్రప్ప వీధివీధీ తిరిగి మొత్తుకున్నాడు. ఎవరూ వినలేదు. ఏడాది తిరక్కుండానే కొండదారికి కంచె పడింది. మేత లేక మంద చిక్కిపోయింది. కడకు సంతకు తోలి అమ్ముకున్నాడు. అప్పటినుంచి ఊళ్లో ఎర్రప్ప అనుమానానికి విలువ వచ్చింది. మంద పోయి పెద్దరికం మిగిలింది.

పెళ్లాం పోయి చాలా కాలమైంది. పిల్లల్లేరు. ఉన్నదల్లా అక్క ఆంజినమ్మ ఒక్కతే. తల్లి లేని ఇంట్లో తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది ఆమే. మొగుడు పోయాక తిరిగి వచ్చి తమ్ముడి దగ్గరే ఉండిపోయింది. ఇప్పుడామెకు రెండు కళ్లూ కనిపించవు. ఒకసారి పొయ్యి ముట్టించబోయి చెయ్యి కాల్చుకుంటే, ఆ తర్వాత ఎర్రప్ప ఆమెను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. తాను వండుదామంటే చేతులు వణుకు. సంగటి కెలికే బలం ఎప్పుడో పోయింది.

ఆ ఇద్దరినీ బతికిస్తున్నది ముసలివాళ్ల షెడ్డు. ఒక రైతు పట్టుపురుగులు పెంచడానికి కట్టుకున్న షెడ్డు అది. బోరు ఎండి, మల్బరీ మాడిపోయి ఖాళీగా పడి ఉంటే, ఒక సంస్థవాళ్లు అడిగి తీసుకుని వృద్ధుల కేంద్రం అని బోర్డు పెట్టారు. మధ్యాహ్నం గంగాదేవి అనే ఆమె రాగి సంగటి, పప్పు వండి పెడుతుంది. ఎర్రప్ప రోజూ అక్కను చెయ్యి పట్టుకుని తీసుకొస్తాడు. అక్కడ తిని, ఒక ముద్ద గిన్నెలో తీసుకుపోయి రాత్రికి మజ్జిగలో పిసుక్కుని ఇద్దరూ తింటారు. షెడ్డు మూతపడితే ఆ ఇంట్లో పస్తే. ఈ సంగతి ఎర్రప్ప ఎవరికీ చెప్పలేదు. పైగా రోజూ బయల్దేరేటప్పుడు "ఇంట్లో వండుకునేకి బద్ధకమై పోతాండాం" అని ఎదురింటివాళ్లకు వినపడేలా అనేవాడు.

అలాంటి చోటికి ఒక రోజు సంస్థ తరఫున భారతి వచ్చింది. గోరంట్ల అమ్మాయి, మాట నెమ్మది. అందరినీ చాపల మీద కూర్చోబెట్టి, "తాతలూ, అవ్వలూ, కేంద్రం పెట్టి ఏడాదైంది. ఇంగ అయిదేండ్లకు ప్లాను రాసుకోవాలన్నారు మా పైవాళ్లు. అయిదేండ్ల తర్వాత ఈ కేంద్రం ఎట్లుండాల? మీకేం కావాల? మీరే చెప్పండి" అంది.

ఒకప్పుడు వేరుశనగ పండించిన సుబ్బన్నకు ముందుగా నవ్వొచ్చింది. "అయిదేండ్లకా? నాకు అయిదు దినాలకే గ్యారంటీ లేదు పాపా!"

"ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమంట" అని ఇంకెవరో అందుకున్నారు. షెడ్డంతా బోసినవ్వులు. ఎర్రప్ప మాత్రం నవ్వలేదు. చావుకు దగ్గరైనవాళ్లను పట్టుకుని అయిదేళ్ల తర్వాతి సంగతి అడుగుతున్నారంటే, ఇందులో ఏదో ఉంది. లేకుంటే ఎవరికైనా ఇంత ఓపిక ఎందుకు?

భారతి వరసగా అడుగుతూ పోయింది. కళ్లు కనిపించనివాళ్లు ఎవరు? నడవలేనివాళ్లు ఎవరు? రాత్రిపూట తినకుండా పడుకునేవాళ్లు ఉన్నారా? సంతలో బేరగాడు గొర్రె వెన్ను పట్టి చూసినట్టు అనిపించింది ఎర్రప్పకు. వెన్ను పట్టి చూసినవాడు తర్వాత ఏం చేస్తాడో అతనికి బాగా తెలుసు. బుధవారం మళ్లీ వస్తాను, ఆలోచించుకుని ఉండండని చెప్పి ఆ అమ్మాయి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం నుంచే ఎర్రప్ప పనిలో పడ్డాడు. మోకాళ్లు పట్టుకుని మూలుగుతూనే గడపగడపా ఎక్కాడు. "కండ్లు కనపడవని చెప్పినావనుకో, నీ పింఛను ఇంగొకరి చేతికి పోతాది. నడవలేనంటే బండిలో ఏసుకోని పోయి యాడో ఆశ్రమంలో పడేస్తారు. ఆకలంటే నీ కోడలి పరువు పోతాది. ఏమడిగినా, మాకేం, బాగుండామని చెప్పండి. మంద లెక్క చెప్పి బాగుపడినోడు ఎవడన్నా ఉండాడా?" ఈ మాటలకు ఆధారం ఏమిటని ఎవరూ అడగలేదు. గాలిమరలప్పుడు ఆయన మాట వినక చెడ్డాం గదా అనుకున్నారు.

ఆంజినమ్మ ఒక్కతే అడ్డం చెప్పింది. "ఆ పిల్ల గొంతులో మోసం లేదురా."

"గొంతుదేముందిలేక్కా! గాలిమరలోళ్ల గొంతు ఇంగా తియ్యగుండె."

బుధవారం భారతి షెడ్డు బండల మీద సుద్దముక్కతో పెద్ద పెద్ద గుండ్రాలు గీసింది. ఒకదాంట్లో సంగటి గిన్నె బొమ్మ, ఒకదాంట్లో ఆటో, ఒకదాంట్లో కళ్లద్దాలు, ఒకదాంట్లో డాక్టరు, చివరిదాంట్లో భజన డోలు. అందరి చేతుల్లో తలా పిడికెడు వేరుశనగ గింజలు పోసింది. ఏది ఎక్కువ కావాలనుకుంటే దాంట్లో ఎక్కువ గింజలు వెయ్యమంది. మంచి పద్ధతే. కానీ ఎర్రప్ప అప్పటికే చెప్పి ఉంచాడు. భజన అడిగినవాణ్ణి ఎవడూ ఏమీ చెయ్యలేడు, గింజలన్నీ డోలు మీదే పొయ్యండని. అందరూ అలాగే పోశారు. సుబ్బన్న మాత్రం సగం గింజలు నమిలి, మిగిలినవి పోశాడు.

ఆంజినమ్మ వంతు వచ్చింది. గుండ్రాలు ఆమెకు కనిపించవు కాబట్టి ఎర్రప్ప ఆమె చెయ్యి పట్టుకుని డోలు దగ్గరికి తీసుకుపోయి గింజలు వదిలించాడు. భారతి అది గమనించి, "అవ్వా, నీకు చూపు ఎట్లుండాది?" అని అడిగింది.

ఎర్రప్ప పక్కనుంచి గిల్లాడు. "నాకేమే, సూదిలోకి దారమెక్కిస్తా" అంది ఆంజినమ్మ ఎటో చూస్తూ.

ఆ రోజు ఎర్రప్ప గర్వంగా ఇంటికి వెళ్లాడు. ఇంతకాలానికి వచ్చినవాళ్లను ఉత్త చేతులతో పంపాడు. తనను తాను మెచ్చుకుంటూ రాత్రి ముద్ద ఇంకాస్త ఎక్కువే తిన్నాడు.

కొన్ని వారాల తర్వాత భారతి మళ్లీ వచ్చింది. ఈసారి గీతలూ గింజలూ లేవు. చేతిలో కాగితం, మొహంలో దిగులు. "మీరు చెప్పిందే మా పైవాళ్లకు చెప్పినా. దాన్ని బట్టే వాళ్లు ప్లాను రాసినారు" అని మొదలుపెట్టింది. "ఈ ఊర్లో వృద్ధులు బాగుండారు, బాగా నడుస్తాండారు, భోజనానికి ఇబ్బంది లేదు అని తేలింది. సంగటి గుండ్రంలో ఒక్క గింజ గూడా పడలేదు. అందుకని ఈడ వంట తీసేసి కుందుర్పిలో ఉండే పెద్ద కేంద్రంలో కలుపుతారంట. తినాలనుకునేవాళ్లు బస్సెక్కి ఆడికి పోవచ్చు. ఈడ వారానికొక దినం భజన ఉంటాది. ఈ పొద్దు మీరు సరేనంటే వచ్చే నెల నుంచి అట్లే చేస్తారు."

తలుపు దగ్గర గంగాదేవి గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ముసలి తలలన్నీ ఎర్రప్ప వైపు తిరిగాయి. సుబ్బన్న మెల్లగా మోచేత్తో పొడిచి, "ఏమప్పా, ఇప్పుడేం చెప్పమంటావు?" అన్నాడు.

ఇది కూడా ఎత్తే అనుకున్నాడు ఎర్రప్ప. బెదిరిస్తే నిజాలు కక్కుతారని చూస్తోంది ఈ పిల్ల. ఊరుకుంటే సరి, రేపు గంగాదేవి పొయ్యి ముట్టిస్తుంది, వంట ఎక్కడికీ పోదు. పెదాలు బిగబట్టి కూర్చున్నాడు. కానీ లోపల కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంటున్నాడు. ఎత్తు కాకపోతే? తాను వేసిన ఎత్తు తన నెత్తి మీదికే వచ్చి ఉంటే?

అప్పుడు ఆంజినమ్మ అతని చెవి దగ్గరికి వంగింది. "బస్సు యాడ నిలుస్తాదిరా?"

"రోడ్డు కాడ."

"అయితే ఏంలే. రోడ్డుదంకా నువ్వు నడిపిస్తావు గదా" అంది ఆమె నిశ్చింతగా.

జీవితంలో ఎవరినీ నమ్మని తనను ఈమె ఇంతగా నమ్ముకుని కూర్చుంది. ఎర్రప్ప గోడ పట్టుకుని పైకి లేచాడు.

"ఆ కాగితం చింపెయ్యి పాపా" అన్నాడు. "అంతా అబద్ధం. నేనే ఇంటింటికీ పోయి చెప్పిచ్చినా. ఈ సుబ్బన్న ఉండాడే, తెల్లారి లేచి వాకిట్లోకి వచ్చేదానికి గోడంతా పట్టుకోని పాకుతాడు."

"నా మోకాళ్లు నీకేం చేసినాయిరా!" సుబ్బన్న రుసరుసలాడాడు.

"నువ్వు ఊరుకో. ఆ పక్కన కూర్చున్న తిప్పయ్య కండ్లు తిరిగి రెండుసార్లు దావలో పడినాడు. ఆ మూలున్న ఆమెకు ఇంట్లో రాత్రి బువ్వ పెట్టరు." ఆ ఆమె కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఎర్రప్ప ఆగలేదు. ఆగితే మళ్లీ చెప్పలేనని అతనికి తెలుసు. "మా యక్కకు రెండు కండ్లూ లేవు. మా పొయ్యి రాజుకుని ఎన్నాళ్లయిందో. ఈడ పెట్టేదే మాకు పగలుకూ రాత్రికీ. నేను నడిపిస్తానని ఆమె అనుకుంటాంది. రోడ్డుదంకా యాడిది, ఈడిదంకా తెచ్చేదానికే నా ప్రాణం పోతాంది. మొన్న దావలో కూలబడిపోయి, నీడ ఉండాదక్కా, కాసేపు కూర్చుందామని చెప్పినా. ఆడ నీడ యాడిది!"

"ఎండ నా నెత్తికి తగల్లేదనుకుంటివా?" అంది ఆంజినమ్మ. ఆ గొంతులో కోపం లేదు. ఎర్రప్పకు సిగ్గేసింది. ఆమె ఆ ఎండలో మాట్లాడకుండా కూర్చుంది తన పరువు కోసమేనని ఇప్పుడు అర్థమైంది.

భారతి కాగితాన్ని చింపలేదు. తిరగేసి, వెనకవైపు రాయడం మొదలుపెట్టింది. ఎర్రప్ప ఆమెను కాసేపు చూసి, "సరే, అన్నీ చెప్పినాం. ఇప్పుడు ఈ షెడ్డు ఉంటాదా, పోతాదా?" అని గద్దించాడు.

"తెలీదు తాతా. వంట ఈడే ఉండాలని రాస్తాను. ఆటో కావాలని రాస్తాను. పోయి కొట్లాడతాను. వింటారో లేదో నాకు తెలీదు. మాట మాత్రం ఇయ్యలేను."

ఎర్రప్ప కళ్లు చికిలించి ఆమె మొహంలో మోసం కోసం వెతికాడు. గొర్రెల బేరగాళ్లు, బోరు పాయింటు చూపించేవాళ్లు, ఓట్లవాళ్లు, గాలిమరలవాళ్లు, ఈ ఊరికి వచ్చిన ప్రతివాడూ పని అయిపోయిందనుకో తాతా అన్నవాడే. తెలీదు అన్న మనిషిని అతను ఇదే చూడడం. ఎలా అనుమానించాలో తోచక కాసేపు మీసం లాక్కున్నాడు.

"అయితే ఇది గూడా రాసుకో" అన్నాడు కడకు. "అయిదేండ్లకు ఏం కావాల్నని అడిగితివి గదా. నాది ఒగటే. అప్పటికి నేనుండను. మా యక్కను ఇంటికాడి నుంచి చెయ్యి పట్టుకోని తెచ్చి, ఇంత ముద్ద పెట్టేవాళ్లు ఎవరన్నా ఉండాల. అంతే."

భారతి కలం ఆగింది.

"వాని మాట నమ్మొద్దు పాపా" అంది ఆంజినమ్మ, ఆ అమ్మాయి గొంతు వినిపించిన వైపు మొహం తిప్పి. "వాడు యాడికీ పోడు. ఇద్దరికీ రాసుకో."

భారతి తల వంచుకుని రాసుకుంది. ఎర్రప్ప మెడ చాచి కాగితంలోకి తొంగి చూశాడు. చదువు రాదు కాబట్టి, గంగాదేవిని పిలిచి చదివించుకున్నాడు. ఇద్దరనే ఉందని ఆమె చెప్పాక గానీ అక్క పక్కన కూర్చోలేదు.