అక్క కోసం తెచ్చిన ఎండు సొర

తిమింగలం చేప కాదని సైన్సు మాస్టారు చెప్పిన ఏడాదే నేను బడి మానేశాను. అంత పెద్ద ప్రాణినే చేపల్లోంచి తీసేసిన మనిషి నన్ను విద్యార్థుల్లో ఉంచుతాడన్న నమ్మకం కలగలేదు. అలాంటి ఏడో తరగతి వాణ్ణి తిండిలో ఉండే బలం గురించి రాస్తున్నాను. నవ్వుకునేవాళ్లు ఇప్పుడే నవ్వుకోండి, తర్వాత తీరిక దొరక్కపోవచ్చు.

ఒమాన్‌లో, మస్కట్ నగరంలోని ఘాలాలో ఒక కంపెనీకి పికప్ తోలుతాను. టైల్సు, కుళాయిలు, సిమెంటు బస్తాలు దుకాణాలకు చేర్చడం నా డ్యూటీ. ఎక్కువ ట్రిప్పులు కొండల పక్కనున్న రుస్తాఖ్ ఊరి వైపే. మా అక్క కూడా మస్కట్‌లోనే నర్సు. బావతో కలిసి దార్సైట్‌లో ఫ్లాట్‌లో ఉంటుంది. మొన్న చలికాలంలో అక్కకి ఆడపిల్ల పుట్టింది. పురుడు పొయ్యడానికి రావలసిన అమ్మ మోకాలి నొప్పితో ఊళ్లోనే ఆగిపోయింది. ఇక్కడ మిగిలింది అన్నం వండటం వచ్చిన బావ, తినడం వచ్చిన నేను.

పిల్ల బరువు పెరగలేదు. అక్కకి పాలు చాలడం లేదు. ఎందరో తల్లులకు బిడ్డను ఎలా పట్టుకోవాలో వార్డులో నేర్పిన మనిషి, తన బిడ్డను ఒళ్లో పెట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చునేది. బిడ్డకు పట్టిస్తూనే ఉండు, బాగా తిను, నిద్రపో అన్నారు డాక్టరమ్మ. వచ్చేసారి తూచినప్పటికి కూడా పెరగకపోతే డబ్బా పాలు కలుపుదామన్నారు. అందులో తప్పేమీ లేదని అక్కే ఎంతోమందికి చెప్పింది. తన దాకా వచ్చేసరికి ఆ మాట ఆమెకే పనిచెయ్యలేదు. రెండు ముద్దలు తిని కంచం నెట్టేసేది. గుడ్డు వద్దు, పప్పు వద్దు, బావ తెచ్చిన చేప వాసన కూడా వద్దు.

అమ్మ ఫోన్‌లో ఒకటే మాట: పాలసొర పెట్టండి. మా తీరంలో బాలింత ఉన్న ఇంట్లో సొరపిట్టు వండకపోతే ఆ ఇంటివాళ్లని మనుషుల కింద లెక్కెయ్యరు. సొరచేపని ఉడకబెట్టి, తోలు తీసి, పొడిపొడిగా చేసి, వెల్లుల్లి దండిగా వేసి వేయిస్తారు. బావ మార్కెట్‌కి వెళ్లిన రోజుల్లో సొర దొరకలేదు.

రుస్తాఖ్‌లో నేను సరుకు దింపే ఒక దుకాణం వెనకే దాని యజమాని ఇల్లు. ఆయన తల్లి పెద్దావిడ, పాలకని పెరట్లో మేకల్ని సాకుతుంది. నేను వెళ్లినప్పుడల్లా ఖర్జూరం, కాఫీ పంపేది. నాకొచ్చిన నాలుగు అరబ్బీ ముక్కలతోనే ఆవిణ్ణి నవ్విస్తుంటాను. ఉమ్మీ, అంటే అమ్మా, అని పిలుస్తాను. ఒక రోజు నేను నోరు విప్పకపోయేసరికి జ్వరమా అని అడిగింది. అక్క సంగతి సగం మాటలతో, సగం చేతులతో చెప్పాను. ఆవిడ లోపలికి వెళ్లి, నల్లగా, కర్రలా బిగుసుకున్న ఒక పట్టీ తెచ్చి నా చేతిలో పెట్టింది. చెప్పు అడుగుభాగం అనుకున్నాను. అవాల్, అంటే ఉప్పు పట్టించిన ఎండు సొర అని ఆవిడ కొడుకు చెప్పాడు.

రోడ్లు లేని కాలంలో దీన్ని తీరం నుంచి ఒంటెల మీద కొండల్లోకి తెచ్చేవారట. ఐసు లేదు, ఫ్రిజ్ లేదు, ఎండాకాలం నిప్పులు చెరిగేది. అయినా పాడయ్యేది కాదు. మాంసం దొరకని రోజుల్లో ఇదే మాంసం. ఆవిడ కాన్పుల్లో అత్తగారు దంచి పెట్టింది కూడా ఇదేనట. నేను ఆ పట్టీని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మా రేవు వాసన. ఇంత దూరం వచ్చి, కొండ పక్కన, సిమెంటు దుకాణంలో.

అక్కడే ఎలా వండాలో అడిగి ఉంటే బాగుండేది. సముద్రం ఒడ్డున పుట్టినవాడికి ఎండుచేప వండటం ఒకరు నేర్పాలా? మా వాళ్లు చేసినట్టే మంట మీద కాల్చాను, ముక్కలు చేశాను, చింతపండు పోశాను, అలవాటు కొద్దీ ఉప్పూ వేశాను. పచ్చి సొర తోలు ఇసుకలా గరుకుగా ఉంటుందని, వేణ్ణీళ్లు పోసి గీకాలని నాకు తెలుసు. ఎండినదానికి తోలు ముందే తీసేసి ఉంటారని నేనే నిర్ణయించేశాను.

అక్క ఆ రోజు తనంతట తాను వచ్చి కంచం ముందు కూర్చుంది. కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే ఇసుక కరకరలాడిన చప్పుడు నాకూ వినిపించింది. ఉప్పుకి మొహం ముడుచుకుపోయింది. ముద్ద ఉమ్మేసింది, నన్ను మాత్రం తిట్టలేదు. లేచి వెళ్లి పిల్ల పక్కన పడుకుంది. తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ణి.

తర్వాతి ట్రిప్పులో ఉమ్మీకి జరిగింది చెప్పాను. ఆవిడ నవ్వలేదు. నన్ను వంటింటి అరుగు మీద కూర్చోబెట్టి, ఒక పట్టీని వేణ్ణీళ్లలో ఉడికించింది. నీళ్లు పారబోసి మళ్లీ పోసింది, ఉప్పు దిగాలని. తోలు వేళ్లతో ఒలిచేసింది. ముక్కని చల్లటి నీళ్లలో పిసుకుతూ ఇసుక గిన్నె అడుగుకి చేరే దాకా కడిగింది. రోట్లో వేసి దంచింది. చెక్కలా ఉన్నది కాస్తా తెల్లటి దారాలుగా విడిపోయింది. గుప్పెట్లోకి తీసుకుని గట్టిగా పిండి, పళ్లెంలో దులిపింది.

అమ్మ చేతి సొరపిట్టు అది. అదే పిండటం, అదే దులపడం. ఈ పెద్దావిడ జన్మలో మా తీరం చూడలేదు. మా అమ్మకి ఒమాన్ అంటే నేను పనిచేసే చోటని మాత్రమే తెలుసు. మధ్యలో ఉన్న సముద్రం తప్ప ఇద్దరికీ చెప్పినవాళ్లు ఎవరూ లేరు. ఎన్ని తరాల ఆడవాళ్లు, ఎన్ని పురిటి మంచాల పక్కన కూర్చుని, ఏది పెడితే మనిషి లేచి కూర్చుంటుందో చూసి చూసి ఇక్కడికి వచ్చి ఉంటారు! చర్చిలో కూడా అంత భక్తిగా కూర్చున్నవాణ్ణి కాదు.

ఆవిడ ఉల్లిపాయ, నిమ్మరసం కలిపింది. నేను దాన్ని దార్సైట్‌కి తెచ్చి వెల్లుల్లి కూడా వేశాను, అమ్మ పేరు చెప్పుకుని. అక్క ముందు వేలితో నొక్కి చూసింది, ఇసుక ఉందేమోనని. నేనే మొదటి ముద్ద తిని నాలుక చాపి చూపించాను. అప్పుడు తింది. ఇంకొంచెం అన్నం పెట్టమంది. బావ అన్నం గిన్నె మొత్తం తెచ్చి ఆమె ముందే పెట్టేశాడు.

కడుపు నిండాక అక్కలో నర్సు లేచింది. "ఎండలో పొయ్యేది నీళ్లేరా. ప్రోటీన్ ఎక్కడికీ పోదు, అందుకే ఇంత చిన్న ముక్కలో అంత బలం" అంది. ఆ మాట నన్ను వదల్లేదు. నెలల తరబడి ఎండని మోసుకుంటూ కూడా లోపలి సత్తువని పోగొట్టుకోని వస్తువు! ఎండలో సరుకు దింపుతూ మధ్యాహ్నం అయ్యేసరికి నాలో నీళ్లూ మిగలవు, సత్తువా మిగలదు.

కానీ రోజూ తిననంది. పెద్ద సొరల్లో పాదరసం చేరుతుందని, పాలిచ్చే తల్లి జాగ్రత్తగా ఉండాలని, ఉప్పు కూడా ఎంత కడిగినా కొంత మిగులుతుందని చెప్పింది. ఆ ఒక్క పూటతో సొర సరి. ఆ పూట తెరుచుకున్న ఆకలి మాత్రం మళ్లీ మూసుకోలేదు. మర్నాటి నుంచి గుడ్డు తింది, పప్పు తింది, చిన్న చేపలు తింది, ఖర్జూరాలు నమిలింది. పిల్ల మేలుకున్నప్పుడల్లా పట్టించింది, పిల్ల పడుకుంటే తనూ పడుకుంది.

తూచే రోజు బావ ఆసుపత్రి నుంచే ఫోన్ చేశాడు. పిల్ల పెరిగింది. డబ్బా అక్కర్లేదన్నారట. ఫోన్‌లో అక్క ఏడుపు వినిపించింది, సంతోషపు ఏడుపు వినడానికి బాగుంది.

రుస్తాఖ్ వెళ్లినప్పుడు మిఠాయి డబ్బా ఉమ్మీ ముందు పెట్టి, ఆవిడ కొడుకు సాయంతో పెద్ద ఉపన్యాసం మొదలుపెట్టాను. "డాక్టర్లకి తెలియంది మీ సొరకి తెలుసు ఉమ్మీ. పాలు తెప్పించింది అదే" అన్నాను.

ఆవిడ డబ్బా మూత తీసి, మిఠాయి ఒకటి నోట్లో వేసుకుని, నిదానంగా నమిలి మింగింది.

"పాలు మీ అక్కవి, ఆకలి ఆ పిల్లది. సొరకే పాలొస్తే, ఈ వయసులో నేను మేకల వెనకాల ఎందుకు పరిగెడతాను?"