పేర్లు చెప్పకుండా వెళ్లిపోయిన సుగుణ గారు

పోయిన మంగళవారం మూడో పీరియడులో అటెండరు వచ్చి, అమలాపురం నుంచి ఫోనని పిలిచాడు. సుగుణ గారి తమ్ముడు. "అక్క పోయిందండి మాస్టారూ, ఇందాకే" అని మాత్రం అన్నాడు. ఆవిడ జబ్బు సంగతి నాకు తెలుసు. అయినా ఏం చేయాలో తోచక తరగతిలోకి తిరిగి వెళ్లి లెక్క కొనసాగించాను. "అక్కడ మైనస్ అండి సార్" అని రెండో బెంచీ అమ్మాయి సరిదిద్దింది. ఒకప్పుడు నా తరగతిలో ఆ మాట అనడానికి ఎవరికీ గుండెలు చాలేవి కావు. ఆ ధైర్యం ఎవరి పుణ్యమో గుర్తొచ్చి, ఇక అక్కడ నిలబడలేక బయటికి వచ్చేశాను.

డాక్టర్ ఎస్తేరు సుగుణ గారు అమలాపురంలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో విద్యా మనోవిజ్ఞానం బోధించేవారు. ముమ్మిడివరం దగ్గర కూలి కుటుంబంలో పుట్టి, మిషను బడిలో అక్షరాలు దిద్దుకుని, ఆచార్యత్వానికి ఎదిగిన విదుషీమణి. చదువు అబ్బడంలో భయం, సిగ్గు, కుతూహలం, ఆశ వహించే పాత్ర ఏమిటన్నది ఆవిడ జీవితకాల అన్వేషణ. "తెలివి ఉందా లేదా అని కొలుస్తాం గానండి, నేర్చుకోబుద్ధి వేసిందా లేదా అని ఎవరం అడగం" అనేవారు. తొంభైల చివర మేం బడిపంతుళ్లం ఆ మాటకు స్టాఫ్ రూములో నవ్వుకునేవాళ్లం. అందరికంటే గట్టిగా నవ్వినవాణ్ణి నేనే.

నా కోపం ఆ చుట్టుపక్కల ప్రసిద్ధం. బెత్తం అరుదుగా పట్టేవాణ్ణి, నోటితోనే పని జరిగిపోయేది. సుగుణ గారు తన పరిశోధనకు మురమళ్ళ దగ్గరి మా ఉన్నత పాఠశాలలో నా తొమ్మిదో తరగతినే ఎంచుకున్నారు. వారానికి రెండు రోజులు బస్సు దిగి, ఆటో ఎక్కి వచ్చి, చివరి బెంచీలో చడీచప్పుడు లేకుండా కూర్చునేవారు. ఒకనాడు క్లాసయ్యాక, పిల్లలు బోర్డు దగ్గర వాడిన సుద్దముక్క తీసి నా అరచేతిలో పెట్టారు. తడిగా ఉంది. "పిల్లల చెమటండి" అన్నారు. నాకు ఒళ్లు మండింది. వానాకాలం చెమ్మ అని కొట్టిపారేశాను.

క్వార్టర్లీ పరీక్షలయ్యాక ఆవిడ పిల్లలకు సైక్లోస్టైలు కాగితాలు పంచారు. 'లెక్క వచ్చినా రాదనే చెబుతాను' వంటి వాక్యాలు వాటి మీద ఉన్నాయి. నిజమైతే టిక్కు పెట్టాలి. చేతిరాతను బట్టి ఎవరైనా పోల్చుకుంటారేమోనని ఒక్క అక్షరం కూడా రాయనివ్వలేదు. ఎవరిది ఏ కాగితమో ఎవరికీ తెలియదని మాట ఇచ్చారు. అయితే మా బడిలో కాగితం చేతికొస్తే ముందు కుడివైపు పై మూల రోల్ నంబరు వేయాలి. నేను పెట్టిన నియమం అది. నలభై మందీ, ఎవరూ చెప్పకుండానే, వేసేశారు.

ఆ అంకెలు సుగుణ గారికి అక్కరకొచ్చేవే. ఒక్కొక్కరి భయాన్నీ వాళ్ల మార్కులతో సరిపోల్చి చూపించకపోతే సిద్ధాంత గ్రంథం నిలవదని ఆవిడ గైడు అప్పటికే చెప్పారు. రెండు రోజుల్లో నా రిజిస్టరు చూసి మార్కులు ఎక్కించుకుని, అంకెలున్న మూలలు కత్తిరించేస్తానన్నారు. నేను సరేనన్నాను. అంతటితో ఊరుకోక, నా సంగతి ఏం తేలిందని అడిగాను. ఆవిడ దాచలేదు. 'లెక్కల పీరియడు తలుచుకుంటే బడి మానెయ్యాలనిపిస్తుంది' అన్న వాక్యానికి తొమ్మండుగురు టిక్కు పెట్టారట.

ఎవరా తొమ్మండుగురు అన్నాను. చెప్పనన్నారు. నేను సరాసరి హెడ్‌మాస్టరు గదికి వెళ్లి, బయటి మనిషి మన పిల్లల చేత మన మీద ఫిర్యాదులు పోగేస్తోందని చెప్పాను. పై అధికారుల పేరెత్తితేనే బెదిరిపోయే ఆయన ఆవిణ్ణి కట్టతో సహా పిలిపించి తలుపు వేయించారు. కాగితాలు అప్పగిస్తారా, పరిశోధన ఇక్కడితో మానుకుంటారా అని అడిగారు. నేను అప్పటికే బల్ల మీది కట్ట మీద చెయ్యి వేశాను.

"చెయ్యి తియ్యండి మాస్టారూ" అన్నారు సుగుణ గారు. గొంతు పెంచలేదు. అయినా నా చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చింది. ప్రశ్నపత్రాల ప్యాకెట్లు విప్పే కత్తెర అక్కడే ఉంది. అది తీసుకుని ఒక్కొక్క మూలా కత్తిరించసాగారు. మూడేళ్ల కృషి తెగి రాలిపోతోందని మా ముగ్గురికీ తెలుసు. "తప్పు నాదేనండి. ఆ రోజే కత్తిరించాల్సింది. నా డిగ్రీ కోసం రెండ్రోజులు దాచేను" అన్నారు. ముక్కలన్నీ గుప్పిట పట్టుకుని వెళ్లి, బడి వెనక కాలువలో వదిలేశారు.

మర్నాడు హాజరు పిలుస్తూ ఒక్కొక్క మొహమే చూశాను. ఆ తొమ్మిదింటిలో ఇదొకటేమో, కాదేమో. ఎవరి మీద అరవబోయినా ఆ అనుమానం నోరు నొక్కేసేది. నేను మంచివాణ్ణై మారలేదు. ఎవరో తెలియక మారాను.

ఆవిడ రాజోలు వైపు మరో బడిలో అంతా మొదటి నుంచి మొదలుపెట్టారు. డాక్టరేటు రావడానికి ఇంకా ఏళ్లు పట్టింది. ఆ ఆలస్యం నా వల్లనే అని ఎన్నడూ ఎత్తి చూపలేదు. పైగా మా బడికి మళ్లీ వచ్చి, అదే చివరి బెంచీలో కూర్చున్నారు. అంతటి క్షమాగుణం నేను మరొకరిలో చూడలేదు.

కిందటి నెల ఆసుపత్రిలో చూడబోయినప్పుడు సిగ్గు విడిచి మళ్లీ అడిగాను, ఆ నంబర్లు గుర్తున్నాయా అని. "ఆయ్, తొమ్మిదీ గుర్తేనండి" అన్నారు. కాసేపు ఆయాసపడి, "తెలిస్తే మీరు ఆ తొమ్మండుగురినే క్షమాపణ అడుగుతారు. మిగతా వాళ్లు భయపడలేదనుకుంటున్నారా? టిక్కు పెట్టడానికి కూడా భయపడ్డారండి" అన్నారు.

సమాధి కార్యక్రమానికి ఆ తరగతి వాళ్లు చాలామంది వచ్చారు. ఒకరు నర్సు, ఒకరు రావులపాలెంలో అరటి వ్యాపారి, ఇద్దరు పంతుళ్లు. నమస్కారం పెట్టిన ప్రతి చేతినీ పట్టుకున్నానే గాని, ఒక్కరినీ ఏమీ అడగలేకపోయాను. పిల్లల మనసుకు కాపలా కాసిన ఆ మహనీయురాలి స్థానం మా కోనసీమలో భర్తీ కాదు.

ఆనాటి నా తొమ్మిదో తరగతి పిల్లలు ఇది చదువుతున్నట్లయితే, ఎవరూ నాకు జాబు రాయకండి, పేరు చెప్పకండి. టిక్కు పెట్టినవాళ్లనూ, పెట్టలేకపోయినవాళ్లనూ, నలభై మందినీ క్షమించమని అడుగుతున్నాను.